సమాచారపు కాలువలకు లాకులు



ఆకివీడు పరిసరముల వారికి నీటి కట్టుబాటును గురించి ఒకరు బోధింపనక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి నీరు పశ్చిమ డెల్టాలో పెద్ద కాలువలుగాను, పిల్లకాలువలుగాను, పంటబోదెలుగాను చీలి చేలకు చేరుచున్నది. మరియొక ప్రక్క కొల్లేటి నీరు ఉప్పుటేటి దారిని సముద్రమునకు పోవుచున్నది. వచ్చు నీటికిని పోవు నీటికిని నడుమ కాపురముండువారము కనుక, ఏ తూము ఎప్పుడు తెరవవలెనో, ఏ లాకు తలుపు ఎంత ఎత్తవలెనో, వంతు ఎవరిదో మనకు చిన్ననాటినుండియు తెలియును. రాత్రివేళ ఎవరైనను చెప్పకుండ తూము ఎత్తినచో తెల్లవారి ఊరిలో ఎంత రచ్చ జరుగునో అదియు తెలియును.

ఈనాటి నా ప్రసంగము నీటి తూములను గురించి కాదు. అయినను వానికి తోబుట్టువుల వంటి తూములు ఇప్పుడు మన ఆఫీసులలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో, బడులలో, చేపల ప్యాకింగు షెడ్లలో వెలసియున్నవి. వానిలో ప్రవహించునది నీరు కాదు, సమాచారము. వానిని తెరచుటకును మూయుటకును ఒక పద్ధతి కలదు. ఆ పద్ధతిని పాటింపకపోవుట వలన నేనొక పర్యాయము పదిమందికి కష్టము కలిగించితిని. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు ఆ యంత్రమును పరిచయము చేయుదును.

కంప్యూటర్లు నాలుగైదు ఉన్న ఏ ఆఫీసులోనైనను ఒక మూల గోడకు బిగించిన చిన్న ఇనుప పెట్టె కనబడును. దానిలో చదునుగా, వెడల్పుగా ఒక యంత్రము ఉండును. దాని ముఖమున వరుసగా 8 గాని, 24 గాని, 48 గాని చిన్న రంధ్రములు, ఒక్కొక్క రంధ్రమునకు ఒక తీగ, దాని ప్రక్కను మిణుకుమను ఒక పచ్చని దీపము. దీనినే నెట్‌వర్కు స్విచ్చి అందురు. గదిలో దీపము వెలిగించు స్విచ్చికిని దీనికిని పేరులో తప్ప పనిలో చుట్టరికము లేదు. ఆ రంధ్రములను పోర్టులనియు, యంత్రపు భాషలో ఇంటర్‌ఫేసులనియు పిలుతురు. మనము ద్వారములు అనుకొందము.

ఈ స్విచ్చి పుట్టుటకు ముందొక కథ కలదు. 1973లో అమెరికాలోని జిరాక్సు కంపెనీ పరిశోధనాలయమున రాబర్టు మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈథర్నెట్టు అను పద్ధతిని రూపొందించిరి. అందులో కంప్యూటర్లన్నియు ఒకే తీగకు తగిలియుండెడివి. ఒకటి మాటలాడునపుడు తక్కినవి ఊరకుండవలెను. రెండు ఒక్కమారు నోరు విప్పినచో రెండింటి మాటయు చెడిపోవును. అప్పుడు రెండును కొంతసేపు ఆగి మరల చెప్పవలెను. సంఖ్య పెరిగినకొలదిని సంతలోని కలకలమువలె ఎవరి మాటయు ఎవరికిని వినబడని స్థితి ఏర్పడెను. 1990లో కల్పన అను కంపెనీ ఈథర్నెట్టు స్విచ్చిని విపణిలోనికి తెచ్చెను. భారతదేశమున పుట్టిన వినోద్ భరద్వాజ్ ఆ కంపెనీ స్థాపకులలో ఒకడు. కంపెనీకి తన భార్య పేరే పెట్టెను. 1994లో సిస్కో కంపెనీ దానిని కొనివేసెను. స్విచ్చి చేయు పని మన తపాలా బంట్రోతు చేయు పనియే. ఏ ద్వారము వెనుక ఏ కంప్యూటరున్నదో అది గుర్తుపెట్టుకొని, ఎవరి ఉత్తరమును వారి గుమ్మములోనే వేయును. చిరునామా తెలియనిదానిని మాత్రము అందరి గుమ్మములందును వేయును.

ఇక ఊరిలోనికి ఈ ప్రవాహము ఎట్లు వచ్చుచున్నది? ప్రైవేటు కంపెనీల తీగలు ఉన్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారి ఫైబర్‌నెట్ పథకము ఉన్నది. విద్యుత్ స్తంభములమీదుగా గాజునార తీగలు లాగిన ఈ పథకపు మొదటి దశను 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. ఇవన్నియు పెద్దకాలువలు. పెద్దకాలువ ఊరి ప్రక్కకు వచ్చినంతమాత్రమున చేను పండదు గదా! చేనిగట్టున ఉన్న తూము సరిగా ఉండవలెను. ఇంటిలోపలి ఆ తూమే మన స్విచ్చి.

స్విచ్చులు రెండు రకములు. మొదటి రకము చవుకది. తీగ తగిలించినచో పని చేయును. దానికి మనము చెప్పునది ఏమియు లేదు, చెప్పినను వినదు. అది తలుపులు లేని తూము వంటిది. రెండవ రకమును మేనేజ్డు స్విచ్చి అందురు. దాని ప్రతి ద్వారమునకును విడివిడిగా ఆజ్ఞలు ఇయ్యవచ్చును. ఇది షట్టర్లు గల లాకు. లాకు ఉన్నచోట లస్కరు ఉండవలెను.

ఒక ఉదాహరణము తీసికొందము. ఆకివీడులో చేపల వ్యాపారము చేయు ఒకానొక ఆఫీసును ఊహింపుడు. ముందు గదిలో లెక్కలు వ్రాయు కంప్యూటర్లు. వెనుక షెడ్డులో తూకపు చీటీలు అచ్చువేయు కంప్యూటరు. గేటువద్దను, ఐసు గదివద్దను కెమెరాలు. లారీ డ్రైవర్లును, వచ్చిపోవు రైతులును వాడుకొనుటకు ఒక వైఫై పెట్టె. షెడ్డులో రాగండియు బొచ్చెయు ఐసులో పేర్చి కలకత్తా వైపు పోవు లారీకి ఎక్కించుచుందురు. తూకపు చీటీ రానిదే లారీ కదలదు. లారీ కదలనిదే ఐసు ఆగదు. అందుచేత అక్కడ నెట్‌వర్కు ఒక గంట నిలిచిపోవుట అనగా కాగితములమీది నష్టము కాదు, కరగి నేలపాలగు నష్టము.

ఈ ఆఫీసుకు స్విచ్చిని అమర్చువాడు ఏమి చేయవలెను?

మొదట యంత్రముతో మాటలాడుటకు కన్సోలు తీగను తగిలించి, రహస్యపదము చెప్పి, మార్పులు చేయు గదిలోనికి ప్రవేశింపవలెను. అందుకు 'కన్ఫిగర్ టెర్మినల్' అను ఆజ్ఞ కలదు. పిమ్మట ఏ ద్వారముతో పనియో దాని పేరు చెప్పవలెను. 'ఇంటర్‌ఫేస్ గిగాబిట్ ఈథర్నెట్ 0/5' అనిన అయిదవ ద్వారము. ఇక్కడినుండి మనము వ్రాయు ప్రతి మాటయు ఆ ద్వారమునకే చెల్లును. కంపెనీనిబట్టి ఆజ్ఞల రూపము కొంత మారునుగాని భావము ఒక్కటియే.

ద్వారమునకు చేయవలసిన తొలి మర్యాద దానికి పేరు పెట్టుట. 'డిస్క్రిప్షన్' అను ఆజ్ఞ వ్రాసి, దాని ప్రక్కను 'షెడ్డు తూకపు కంప్యూటరు' అని అర్థము వచ్చునట్లు నాలుగు మాటలు వ్రాయవలెను. ఈ మాటల వలన యంత్రము వేగముగా పనిచేయదు, ఆలస్యముగాను పనిచేయదు. అందుచేతనే చాలమంది దీనిని విడిచిపెట్టుదురు. ఇది యంత్రమునకు కాదు, రేపు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని వచ్చు మనిషికి.

రెండవది వేగము. తీగకు రెండు కొసలు. రెండు కొసలవారును ఎంత వేగముతో మాటలాడవలెనో తమలో తాము ఒప్పందము చేసికొందురు. దీనినే ఆటో నెగోషియేషన్ అందురు. సామాన్యముగా దానికే విడిచిపెట్టుట మంచిది. కొందరు ఒకవైపు మాత్రము 'నూరు మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్సు' అని గట్టిగా నిర్ణయించి, రెండవవైపును విడిచిపెట్టుదురు. ఫుల్ డూప్లెక్సు అనగా రాకయు పోకయు ఏకకాలమున జరుగుట. హాఫ్ డూప్లెక్సు అనగా ఇరుకువంతెన, ఒకరు దాటినపిమ్మట మరియొకరు. ఒప్పందపు మాట వినబడని రెండవ కొస భయపడి హాఫ్ డూప్లెక్సునకు దిగిపోవును. ఒకరు రెండుబాటలున్నవని నడచుచుందురు, రెండవవారు ఒకే బాటయని ఆగుచుందురు. దీపము పచ్చగనే వెలుగుచుండును, పని మాత్రము నత్తనడక నడచును. కనుక రెండు కొసలను ఒకే తీరున ఉంచవలెను.

మూడవది ముఖ్యమైనది. పెట్టె ఒకటియే అయినను దానిలోని ద్వారములను వేరువేరు వాడలుగా విభజింపవచ్చును. ఈ వాడలకు వీలానులని పేరు. 1998లో వెలువడిన 802.1క్యూ అను ప్రమాణము ప్రకారము 1 మొదలుకొని 4094 వరకు అంకెలలో దేనినైనను వాడకు పెట్టవచ్చును. కొత్త యంత్రములో సాధారణముగా ద్వారములన్నియు 1వ వాడలోనే ఉండును. అనగా గట్లు లేని చెరువు. మన చేపల ఆఫీసులో లెక్కల గదికి 10, తూకపు షెడ్డుకు 20, కెమెరాలకు 30, అతిథుల వైఫైకి 40 అని నిర్ణయింతము. అయిదవ ద్వారమునకు 'స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్', 'స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 20' అను రెండు ఆజ్ఞలిచ్చినచో అది తూకపు వాడకు చెందును. ఇక నీడన కూర్చుండి సినిమా చూచుకొను డ్రైవరుగారి ఫోనులో ఏదేని రోగమున్నను అది నేరుగా లెక్కల గదిలోనికి పోజాలదు. ఒక వాడనుండి మరియొక వాడకు పోవలెనన్న రౌటరు అను కావలివాని ముందు నిలువవలెను. మంచినీటి చెరువునకును చేపల చెరువునకును నడుమ గట్టు ఎందుకు వేయుదుమో మనకు తెలియును గదా!

నాలుగవది, రెండు స్విచ్చులను కలుపు ద్వారము. ఆఫీసులో ఒక స్విచ్చి, షెడ్డులో ఒక స్విచ్చి ఉన్నవనుకొందము. రాగితీగ 100 మీటర్లకు మించి లాగరాదు. దూరము ఎక్కువైనను, రెండు కట్టడముల నడుమనైనను గాజునార తీగయే మేలు. గాజులో విద్యుత్తు పారదు కనుక పిడుగు పడినపుడు ఒక కట్టడపు నష్టము ఆ తీగ వెంట రెండవదానికి పాకదు. ఆ ఒక్క తీగమీద నాలుగు వాడల సమాచారమును ప్రయాణము చేయవలెను. అట్టి ద్వారమును ట్రంకు అందురు. వెనుకటి రోజుల ట్రంకు టెలిఫోను మాట పెద్దలకు జ్ఞాపకముండును. ట్రంకుమీద పోవు ఉత్తరమునకు స్విచ్చి 'ఇది ఫలాని వాడది' అని నాలుగు బైట్ల చీటీ అంటించును. అవతలి స్విచ్చి ఆ చీటీ చదివి, ఊడదీసి, ఆ వాడలోనే అందజేయును.

ఇక్కడ ఒక గొయ్యి కలదు. ట్రంకుమీద 10, 20, 30 వాడలకు అనుమతి ఉన్నది. కొత్తగా 40 చేర్చవలెను. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 40' అని వ్రాసినచో యంత్రము 40ని చేర్చదు. ఇకమీదట 40 మాత్రమే పోవలెనని గ్రహించి తక్కిన మూడింటిని ఆపివేయును. నడుమ 'యాడ్' అను రెండక్షరముల మాట ఉండవలెను. అది మరచుట వలన కెమెరాలు గుడ్డివియై, తూకము మూగదియై, డ్రైవరు ఫోను మాత్రము హాయిగా పాడుచుండును.

అయిదవది, వాడని ద్వారములను మూసివేయుట. 24 ద్వారములలో 11 మాత్రమే వాడుకలో ఉన్నచో తక్కిన 13 ద్వారములకు 'షట్‌డౌన్' అను ఆజ్ఞ ఇయ్యవలెను. కావలసినపుడు 'నో షట్‌డౌన్' అనిన తెరచుకొనును. వీధితలుపు తీసియుంచి దొంగను నిందించుట న్యాయము కాదు.

ఇక నా సంగతి చెప్పుదును. కొన్ని ఏండ్ల క్రిందట ఈ ప్రాంతముననే, జనులు నిత్యము పనులకై వచ్చు ఒక కార్యాలయములో నేను స్విచ్చి అమర్చితిని. స్విచ్చులలో స్పానింగ్ ట్రీ అను ఒక రక్షణ కలదు. దానిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అను అమెరికను విదుషి కనిపెట్టెను. తీగలు చుట్టు తిరిగి వలయమైనచో ఒక్కొక్క ఉత్తరము గానుగెద్దువలె అంతులేక తిరుగుచు, క్షణములో లక్షలై, దారినంతయు ముంచివేయును. స్పానింగ్ ట్రీ ఆ వలయమును పసికట్టి ఒక ద్వారమును మూసి ప్రమాదము తప్పించును. అయితే అందుకొరకు అది ప్రతి ద్వారమును తెరచుటకు ముందు 30 సెకండ్లు పరిశీలించును. కంప్యూటరు వెలిగించిన ప్రతిసారియు ఆ 30 సెకండ్లు కాచుకొనలేమని అక్కడివారు విసిగికొనిరి. నేను ఆ రక్షణనే తీసివేసితిని. చేయవలసినది అది కాదు. కంప్యూటరు ఉన్న ద్వారములకు మాత్రము 'పోర్ట్‌ఫాస్ట్' అని ఆజ్ఞ ఇచ్చినచో ఆలస్యము పోవును. దానికి తోడు 'బీపీడీయూ గార్డు' అను కావలిని పెట్టినచో, కంప్యూటరు ఉండవలసినచోట మరియొక స్విచ్చి వచ్చి చేరగనే ఆ ద్వారము తనంతట తానే మూసికొనును. ఇది నాకు తెలియును. తొందరలో చేయలేదు. ద్వారములకు పేర్లును వ్రాయలేదు.

ఒక సోమవారము ఉదయమున గది ఊడ్చుచు ఎవరో నేలమీద వ్రేలాడుచున్న తీగ కొసను చూచి, పడిపోయినదనుకొని, జాగ్రత్తగా ఖాళీ రంధ్రములో పెట్టిరి. ఆ తీగ రెండవ కొస అదే స్విచ్చిలో ఉన్నది. వలయమైనది. నన్ను పిలిచిరి. నేను వెళ్ళునప్పటికి స్విచ్చి దీపములన్నియు ఒక్కమారుగా, ఆగకుండ కొట్టుకొనుచున్నవి. ఏ తీగ ఎక్కడికి పోవుచున్నదో వ్రాసినవాడు లేడు. వ్రాయవలసినవాడను నేనే. ఒక్కొక్క తీగను పెరికి చూచుచు మధ్యాహ్నము మూడు గంటలకు దానిని పట్టితిని. అప్పటికి కొల్లేటి లంక గ్రామమునుండి వచ్చిన ఒక వృద్ధురాలు, 'రేపు రమ్మంటారా బాబూ?' అని అడిగి, సాయంకాలపు బస్సు తప్పిపోవునని లేచి వెళ్ళిపోయెను. ఊడ్చిన మనిషిని అందరును కోపించిరి. తప్పు ఆ మనిషిది కాదని నేను చెప్పితిని. చెప్పుట వలన ఆమె బస్సు ఛార్జీ తిరిగి రాలేదు.

నాటినుండి నేను మూడు నియమములను విడువలేదు. మొదటిది, చేసిన మార్పును భద్రపరచుట. మనము ఇచ్చు ఆజ్ఞలు వెంటనే అమలులోనికి వచ్చునుగాని చాల యంత్రములలో అవి పలకమీది వ్రాత వంటివి. వాడుకలో ఉన్న ఆ వ్రాతను రన్నింగ్ కాన్ఫిగరేషన్ అందురు. కరెంటు పోయినచో అది చెరిగిపోవును. దానిని స్టార్టప్ కాన్ఫిగరేషన్ అను పుస్తకములోనికి ఎక్కించినపుడే నిలుచును. నెలరోజులు చక్కగా నడచిన ఏర్పాటు ఒక్క కరెంటు కోతతో మాయమగుటకు తరచు ఇదియే కారణము.

రెండవది, దూరమునుండి మార్చునపుడు జాగరూకత. ఏలూరులో కూర్చుండి ఆకివీడు స్విచ్చిని దిద్దుట సాధ్యమే. కాని తాను ఏ ద్వారము గుండా లోనికి వచ్చెనో ఆ ద్వారమునే పొరపాటున మూసినచో, కూర్చున్న కొమ్మను నరికికొన్నట్లే. ఇక బస్సెక్కి రావలసినదే. దీనికొక ఉపాయము కలదు. మార్పుకు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని ఆజ్ఞ ఇయ్యవలెను. పది నిమిషములలో యంత్రము తనంతట తాను మరల మొదలగును. మార్పు చెడి మనము బయట పడినచో, భద్రపరచని మార్పు చెరిగి పాత ఏర్పాటే తిరిగివచ్చును. మార్పు బాగుగా ఉన్నచో 'రీలోడ్ క్యాన్సిల్' అని ఆపి, అప్పుడు భద్రపరచవలెను.

మూడవది, కాగితము. లాకులవద్ద నీటిమట్టము వ్రాయు పుస్తకమువలె స్విచ్చి పెట్టె తలుపు లోపల ఒక కాగితము అంటించియుంచవలెను. ఏ ద్వారము, ఏ గది, ఏ వాడ, ఎవరు ఎప్పుడు మార్చిరి అను నాలుగు గడులు చాలును. రహస్యపదము మాత్రము దానిమీద వ్రాయరాదు. అది యజమానివద్ద మూసిన కవరులో ఉండవలెను.

పెద్ద నగరములలో ఇట్టి పనులకు మనుషులు వీధికొకరు దొరకుదురు. మన ఊళ్ళలో అమర్చినవాడు ఉద్యోగమునకై హైదరాబాదో, బెంగుళూరో వెళ్ళిపోవును. యంత్రము మిగులును, దాని వెనుకటి ఆలోచన అతనితో పోవును. ఆ ఆలోచనను కాగితముమీదను, ద్వారముల పేర్లలోను విడిచిపెట్టి వెళ్ళుట అమర్చినవాని ధర్మము. అడిగి తీసికొనుట యజమాని ధర్మము. మన కళాశాలలలో చదువుకొను పిల్లలకు ఈ విద్య కష్టము కాదు. పాత స్విచ్చి ఒకటియు, రెండు తీగలును, వారమురోజుల ఓపికయు ఉన్నచో చాలును. ఊరికొకరిద్దరు నేర్చినను మేలు.

రేపు మీ ఆఫీసుకో, బడికో, దుకాణమునకో వెళ్ళినపుడు ఆ మూలనున్న ఇనుప పెట్టె తలుపు ఒకమారు తెరపించి చూడుడు. తీగలకు పేర్లున్నవా? లోపల కాగితమున్నదా? ఖాళీ ద్వారములు మూసియున్నవా? ఈ మూడు ప్రశ్నలు అడుగుటకు ఇంజనీరు కానక్కరలేదు. పంటబోదె గట్టున నిలిచి, 'ఈ తూము ఎవరు ఎత్తినారు?' అని అడుగు రైతునకు ఉండు తెలివి చాలును. లంక గ్రామమునుండి పనిమీద వచ్చిన మనిషి అదేనాడు పని ముగించుకొని, సాయంకాలపు బస్సు అందుకొని ఇల్లు చేరునది అప్పుడే.

సెలవు.